కాకినాడ దొమ్మీ, 1907: మాటకు దెబ్బ జవాబా?

1907 ఏప్రిల్‌లో స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చారు. ఆయన ప్రసంగాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగు చేశారు. ఆ వేడిలోనే రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు కాలేజీ నుంచి బహిష్కరణకు గురయ్యారు.

మే 31న కాకినాడలో జిల్లా వైద్యాధికారి కెప్టెన్ కెంప్ బండిలో వెళ్తుంటే కోపల్లె కృష్ణారావు అనే కుర్రాడు ‘వందేమాతరం’ అన్నాడు. కెంప్ బండి దిగి వాణ్ణి చితకబాదాడు. ఆ రాత్రే జనం తెల్లదొరల క్లబ్బు మీద పడి విధ్వంసం చేశారు. ఇది స్వదేశీ ఉద్యమ ఘట్టం.

ఇక్కడ పిల్లవాడి నోటి నుంచి వచ్చింది ఒక్క మాట. అది దొరకు అవమానంగా తోచింది. వైద్యుడి చెయ్యి పసివాడి మీద లేవడాన్ని ఏ కోణంలోనూ సమర్థించలేం. జనం కోపాన్ని అర్థం చేసుకుంటూనే క్లబ్బు మీద దాడినీ నేరమనే అనాలి.

మాటకు దెబ్బ కొట్టడాన్ని ఇప్పటి చట్టం ఎలా చూస్తుంది? 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, శాంతిభంగం కలిగేలా రెచ్చగొట్టే ఉద్దేశంతో అవమానించడం 352వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల దాకా జైలు. తిట్టినవాణ్ణి కొడితే అదీ నేరమే. తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టుడు ఉంటే శిక్ష తగ్గుతుంది (సెక్షన్ 122), నేరం మాత్రం పోదు. మాటలు, సైగలు కూడా అలాంటి రెచ్చగొట్టుడు కావచ్చని నానావతి కేసులో (1961) సుప్రీంకోర్టు చెప్పింది. కోపం చల్లారేంత వ్యవధి దొరికాక చేసిన దాడికి ఆ శిక్ష తగ్గింపు వర్తించదు.