బొమ్మలు గీస్తే బతుకు గడుస్తుందా?

సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి కలకత్తా వచ్చే తెలుగువాళ్లు హౌరాలో దిగే ముందు చివరగా దాటే స్టేషన్ టికియాపారా. లోకల్ రైళ్ల కార్‌షెడ్ ఉన్న చోటు అది. ఆ స్టేషన్‌కు దగ్గరలోనే, అదే హౌరా నగరంలో, శిబ్‌పూర్ అనే పేట ఉంది. బెంగాలీ పిల్లలను మూడు తరాలుగా నవ్వించిన చిత్రకారుడు నారాయణ్ దేబ్‌నాథ్ అక్కడే పుట్టాడు, అక్కడే ఉండి బొమ్మలు గీశాడు.

విద్యార్థులారా! మీలో బొమ్మలు గీసేవాళ్లను పెద్దలు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ఉంటారు: "ఇది కూడు పెడుతుందా?" అని. దేబ్‌నాథ్ జీవితంలో ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

చదువు, తొలి పనులు

ఆయన 1925 నవంబరు 25న పుట్టాడు. ఇంట్లో బంగారు నగల వ్యాపారం. నగల నమూనాలు గీయడంతోనే చేతికి గీత అలవాటైంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కలకత్తాలోని ఇండియన్ ఆర్ట్ కాలేజీలో చేరాడు కాని, ఆఖరి ఏడాది పూర్తి చేయలేదు. ఆ తర్వాత కొన్నేళ్లు ప్రకటనల సంస్థలకు సినిమా స్లైడ్లు, వ్యాపార చిహ్నాలు గీసి ఇచ్చాడు.

ఇలా ఒక సంస్థలో ఉద్యోగిగా చేరకుండా, పని వచ్చినప్పుడు చేసి దానికి తగిన డబ్బు తీసుకునేవారిని ఫ్రీలాన్స్ చిత్రకారులు అంటారు. వీరికి నెల జీతం ఉండదు. జబ్బు చేస్తే ఆ రోజు సంపాదన ఉండదు. పింఛను ఉండదు. ఈ మాట ముందే తెలుసుకోవడం మంచిది.

నెలనెలా ఒక మాట

1950లో ఒక స్నేహితుడి ద్వారా దేవ్ సాహిత్య కుటీర్ అనే ప్రచురణ సంస్థతో పరిచయమైంది. పదేళ్లకు పైగా ఆయన పిల్లల పుస్తకాలకు, సాహస నవలలకు బొమ్మలు వేశాడు. కథ ఒకరిది, బొమ్మ ఈయనది. 1962లో ఆ సంస్థ నడిపే 'శుక్‌తారా' అనే పిల్లల మాసపత్రికలో 'హాందా భోందా' మొదలైంది. శుక్‌తారా అంటే మన వేగుచుక్క. బక్కపలచని హాందా ఎత్తు వేస్తాడు, అది తిరిగి అతని నెత్తికే చుట్టుకుంటుంది. బొద్దుగా ఉండే భోందా నవ్వుతాడు.

1965లో 'బాంటుల్ ది గ్రేట్' వచ్చాడు. పెద్ద ఛాతీ, పుల్లల్లాంటి కాళ్లు, గులాబీ రంగు బనియను, చెప్పుల్లేని పాదాలు. 1971 యుద్ధకాలంలో సంపాదకుల కోరికపై అతణ్ణి తుపాకీ గుళ్లకు కూడా చెదరని వీరుణ్ణి చేశాడు. 1969లో 'కిశోర్ భారతి' పత్రికలో హాస్టల్ పిల్లల కథ 'నొంటే ఫొంటే' మొదలైంది.

మన 'బుడుగు'లో రాత ముళ్లపూడి వెంకటరమణది, గీత బాపుది. ఇక్కడ రాత, గీత రెండూ ఒక్కరివే. 'హాందా భోందా' 50 ఏళ్లకు పైగా సాగింది. నెలకు ఒకటి చొప్పున లెక్క వేసినా 600 దాటుతాయి. ప్రతి నెలా కొత్త నవ్వు పుట్టాలి. తోచలేదని ఊరుకుంటే పత్రికలో ఆ పుట ఖాళీ! ఫ్రీలాన్సర్‌కు పని ఇచ్చేవారు మళ్లీ పిలవాలంటే ప్రతిభ ఒక్కటే చాలదు, చెప్పిన రోజుకు బొమ్మ అందాలి.

ఒక పుట ఎలా తయారవుతుంది?

ముందు చివరి గడిలో వచ్చే నవ్వు ఏమిటో తేల్చుకోవాలి. దాన్నిబట్టి కథను గడులుగా విడగొట్టాలి. పెన్సిల్‌తో పలచగా గీసి, మాటల బుడగలకు చోటు వదలాలి. తర్వాత నల్ల సిరాతో గీతలు దిద్ది, ఆరాక పెన్సిల్ గుర్తులు చెరపాలి. మాటలు తక్కువైతే బొమ్మ ఎక్కువ మాట్లాడుతుంది.

గుర్తింపు

2013లో సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం వచ్చేనాటికి ఆయనకు 87 ఏళ్లు. 'హాందా భోందా' మొదలై అప్పటికి 51 ఏళ్లు. 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2022 జనవరి 18న కన్నుమూశాడు. పెద్ద గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి. పత్రిక కోసం ఎదురుచూసే పిల్లలు మాత్రం మొదటినుంచీ ఉన్నారు.

కాబట్టి పెద్దల ప్రశ్నకు జవాబు ఇది: బొమ్మ కూడు పెడుతుంది, కాని దాన్ని రోజూ చేసే పనిగా పట్టుకుంటేనే. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. ఎన్ని బొమ్మలు, ఎప్పటికి, ఎంతకు, వాటి మీద హక్కు ఎవరిది అన్న నాలుగూ పని మొదలుపెట్టక ముందే కాగితం మీద రాసుకోవాలి. మన దేశంలో కాపీరైట్ చట్టం 1957లోనే వచ్చింది. దాని సంగతి గీసేవాళ్లకు తెలియాలి.

ఆలోచించి చెప్పండి

1. జీతం తీసుకునే చిత్రకారుడికి, ఫ్రీలాన్స్ చిత్రకారుడికి తేడా ఏమిటి?
2. రాత, గీత ఒక్కరే చేస్తే కలిగే లాభం ఏమిటి? కష్టం ఏమిటి?

చేసి చూడండి

మీ బడిలో జరిగిన ఒక తమాషాను నాలుగు గడుల్లో గీయండి. గడువు వచ్చే సోమవారం. ఆ రోజుకు తప్పకుండా మీ ఉపాధ్యాయుడికి అందించండి. ఈ పాఠంలో అసలు పరీక్ష అదే.