ఎకరం, గుంట, డిగ్రీ: భౌగోళిక దత్తాంశానికి డేటాబేస్ సర్వర్‌ను అమర్చుకొనే విధానం

భూసార పరీక్ష కార్డు పథకం 2015 ఫిబ్రవరి 19న దేశవ్యాప్తంగా ప్రారంభమైంది. దాని ప్రకారం నీటి వసతి గల భూముల్లో 2.5 హెక్టార్లకు ఒకటి, వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు ఒకటి చొప్పున మట్టి నమూనా తీస్తారు. 2.5 హెక్టార్ల గడిని చతురస్రంగా భావిస్తే దాని భుజం సుమారు 158 మీటర్లు. నమూనా తీసిన చోటును గుర్తించడంలో అంత దూరం తేడా వచ్చినట్లయితే ఒక రైతు పొలం ఫలితం పొరుగు రైతు కార్డుపైకి చేరుతుంది. ప్రయోగశాల విశ్లేషణ ఎంత నిర్దుష్టంగా ఉన్నా, ఎరువుల సిఫారసు తప్పుతుంది. కనుక ఈ దత్తాంశాన్ని భద్రపరచే సర్వర్ అమరిక వ్యవసాయ శాస్త్రవేత్తకు పరాయి విషయం కాదు.

మన అవసరాలకు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దానికి అనుబంధమైన పోస్ట్‌జీఐఎస్ చాలును. రెండూ ఉచితంగా లభిస్తాయి. అనుబంధాన్ని ప్రతి డేటాబేస్‌లోనూ విడిగా స్థాపించాలి. సర్వర్‌లో ఒకసారి ఎక్కించినంత మాత్రాన అన్నింటికీ వర్తించదు. సాధారణంగా ఇక్కడి నుంచి అందరి దృష్టీ మెమరీ కేటాయింపుపైకి మళ్ళుతుంది. నా దృష్టిలో అది తరువాతి సంగతి. సర్వర్‌లోకి వచ్చే అంకె దేనిని సూచిస్తున్నదో ముందుగా నిర్ణయించాలి.

హైదరాబాదులో నాంపల్లి రైల్వే స్టేషను నుంచి ఆబిడ్స్ జీపీవో కూడలికి తిన్నగా కొలిస్తే దూరం సుమారు ఒక కిలోమీటరు. ఈ రెండు బిందువులను అక్షాంశ రేఖాంశాలతో ‘జామెట్రీ’ రకంగా నిల్వ చేసి దూరం అడిగితే సర్వర్ 0.009కి దగ్గరగా ఒక సంఖ్య చెబుతుంది. అది మీటరూ కాదు, మైలూ కాదు; డిగ్రీ. అవే బిందువులను ‘జాగ్రఫీ’ రకంగా నిల్వ చేస్తే సమాధానం మీటర్లలో వస్తుంది. హైదరాబాదు అక్షాంశం వద్ద ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106 కిలోమీటర్లు, ఒక డిగ్రీ అక్షాంశం 110 కిలోమీటర్లకు పైచిలుకు. కనుక డిగ్రీలలో వచ్చిన వైశాల్యాన్ని ఏదో ఒక గుణకంతో సరిచేయవచ్చుననే ఆలోచన మానుకోవాలి.

పోస్ట్‌జీఐఎస్‌లో రేఖాంశం ముందు, అక్షాంశం వెనుక రావాలి. మనం నోటితో చెప్పే వరుస దీనికి విరుద్ధం. వరుస తారుమారైతే నాంపల్లి స్టేషను నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల మీద తేలుతుంది. ప్రపంచ విత్తన భాండాగారం ఉన్న చోటు అది. పటాన్‌చెరు ఇక్రిశాట్ విత్తనాలు అక్కడికి చేరడం సబబే గాని నాంపల్లి చేరడం కాదు. రేఖాంశం 77, 82 మధ్యనూ, అక్షాంశం 15, 20 మధ్యనూ లేని బిందువును స్వీకరించరాదన్న నిబంధనను పట్టికలోనే విధిస్తే తెలంగాణ దత్తాంశంలో ఈ పొరపాటు గడప దాటదు.

మీటర్లలో పనిచేసే యూటీఎం నిరూపకాల చిక్కు వేరు. తూర్పు రేఖాంశం 78 డిగ్రీల వద్ద 43వ మండలం ముగిసి 44వది మొదలవుతుంది. హైదరాబాదు 44లో ఉండగా తాండూరు, జహీరాబాదు 43లో ఉన్నాయి. జహీరాబాదు చెరకు పొలంలో 43వ మండలంలో తీసిన అంకెలను 44గా నమోదు చేస్తే పొలం సరిగ్గా 6 డిగ్రీలు తూర్పుకు జరిగి, విశాఖ తీరానికి ఆవల సముద్రంలో పడుతుంది. లాంబ్టన్ మొదలుపెట్టిన మహాచాపపు త్రికోణమితి సర్వే సాగినది కూడా ఈ 78వ డిగ్రీ చెంతనే కావడం ఒక వింత.

ఇంతకంటే ప్రమాదకరమైనది ఎవరెస్ట్ గోళాభం ఆధారంగా తయారైన పాత సర్వే పటం. దానికీ, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84కూ హైదరాబాదు ప్రాంతంలో నూరు మీటర్లకు పైగా తేడా ఉంటుంది. సముద్రంలో పడిన పొలం ఎవరి కంటికైనా ఆనుతుంది. పక్క గడిలో పడిన నమూనా ఆనదు. అందుచేత దత్తాంశాన్ని 4326 సంఖ్య గల వ్యవస్థలో నిల్వ చేసి, ప్రతి నమూనాకూ మూల వ్యవస్థ ఏదో మరొక నిలువు వరుసలో తప్పనిసరిగా రాయించాలి.

ఇక విస్తీర్ణం. భూపరిపాలన ప్రధాన కమిషనర్ కార్యాలయం ఆబిడ్స్‌లోని నాంపల్లి స్టేషన్ రోడ్డులోనే ఉంది. తెలంగాణ భూరికార్డులలో 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలని అర్థం. ఎకరానికి 40 గుంటలు గనుక అది రెండున్నర ఎకరాలు. ఆంధ్ర ప్రాంతంలో అదే అంకె రెండెకరాల ఇరవై సెంట్లు. దీనిని దశాంశ సంఖ్యగా సర్వర్‌కు అప్పగిస్తే చివరి సున్న రాలిపోయి 2.2 మిగలవచ్చు, అప్పుడు చదివేవారికి అది రెండు గుంటలుగా కనిపిస్తుంది. 2.20కి 1.30 కలిపితే సర్వర్ 3.50 అంటుంది, నిజానికి అది నాలుగెకరాల పది గుంటలు. రెండున్నర ఎకరాలను 2.2 ఎకరాలుగా లెక్కిస్తే, రైతుభరోసా కింద సీజనుకు ఎకరానికి 6000 రూపాయల చొప్పున ఆ రైతు 1800 రూపాయలు నష్టపోతాడు. పరిష్కారం సులభం: విస్తీర్ణాన్ని గుంటలలో ఒకే సంఖ్యగా నిల్వ చేయాలి. పై ఉదాహరణలో అది 100. రికార్డులో ఉన్న రూపాన్ని పక్కన అక్షరాలుగా యథాతథంగా ఉంచాలి.

బహుభుజి నుంచి సర్వర్ లెక్కించే వైశాల్యం మూడవది. ఒక గుంట 101.17 చదరపు మీటర్లు. లెక్కించినది రికార్డుతో సరిపోకపోవడం సర్వసాధారణం. అయినా ఒకదానితో మరొకదానిని చెరిపివేయకూడదు. ఒకటి హక్కు, రెండవది కొలత. హద్దు గీత తనను తాను ఖండించుకొన్న బహుభుజిని సర్వర్ స్వయంగా సరిచేయగలదు గాని, అది కొత్త హద్దును కల్పించడమే. అటువంటివాటిని వేరుచేసి సర్వేయరుకు చూపించడం మేలు.

పదివేల నమూనా బిందువులను లక్ష సర్వే కమతాలతో పోల్చితే నూరు కోట్ల పోలికలు అవుతాయి. జిస్ట్ సూచిక నిర్మిస్తే అందులో అత్యధిక భాగం తప్పుతుంది. దత్తాంశం ఎక్కించిన పిమ్మట ‘ఎనలైజ్’ ఆదేశం ఇవ్వడం మరువరాదు. షేర్డ్ బఫర్లకు సహజంగా ఉండే 128 మెగాబైట్ల పరిమితిని సర్వర్ మెమరీలో నాలుగో వంతుకు పెంచడం ఆనవాయితీ. ఎస్ఎస్‌డీ డిస్కు ఉన్నప్పుడు రాండమ్ పేజ్ కాస్ట్‌ను 4 నుంచి 1.1కి తగ్గించాలి.

రైతు పేరు, ఫోన్ నంబరు వేరే పట్టికలో ఉండాలి; విద్యార్థుల ఖాతాలకు దానిని చదివే అనుమతి ఉండరాదు. వారానికొకసారి తీసే నకలును మరొక యంత్రంలో తెరచి, నాంపల్లి–ఆబిడ్స్ దూరాన్ని మళ్ళీ అడగండి. కిలోమీటరుకు దగ్గరగా సమాధానం వస్తే అక్కడ పోస్ట్‌జీఐఎస్ కూడా పనిచేస్తున్నట్లే.