బటన్ మారింది, గడువు మారలేదు

కోనసీమలో ఐనవిల్లి, ముక్తేశ్వరం, అంబాజీపేట చుట్టుపక్కల ఇంటి అరుగు మీదే కూర్చుని లాప్‌టాప్‌తో సంపాదించుకునేవాళ్ళు ఇప్పుడు వింతేమీ కాదు. వాళ్ళలో కొందరిది ఇతరుల సోషల్ మీడియా ఖాతాలు నడిపే పని. యజమాని హైదరాబాద్‌లో ఉండొచ్చు, బెర్లిన్‌లో ఉండొచ్చు. నిన్నటిదాకా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ చూసుకుంటే సరిపోయేది. ఇప్పుడు పుస్తక ప్రచురణ సంస్థలు, పరిశోధకులు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ళు “మాస్టోడాన్‌లోనూ ఉందాం, బ్లూస్కైలోనూ ఉందాం” అంటున్నారు. ఈ మాటలు ఆ పని ఒప్పుకున్నవాళ్ళ కోసం.

ఈ కొత్త వేదికల్లో ఒక చిక్కుంది. పొద్దున్నే తెరిచేసరికి నిన్న కుడివైపున్న బటన్ ఎడమవైపు ఉంటుంది. నోటిఫికేషన్లు గుంపులుగా కట్టి కనిపిస్తాయి. ఎవరూ ముందు చెప్పరు. అటు యజమాని మాత్రం పది గంటల పోస్టు పది గంటలకే పడాలంటాడు. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని తెర మీద అడ్డదిడ్డంగా నొక్కడం. ఆ నొక్కుడులోనే పోస్టు వెళ్ళకూడని చోటికి వెళ్ళిపోతుంది. ముందు చేతులు తీసేసి, మార్పు ఎక్కడ జరిగిందో కనుక్కోండి.

ఫేస్‌బుక్‌లో మార్పు వస్తే చేసింది ఒకే కంపెనీ, తిట్టుకున్నా ఒక్కరినే తిట్టుకోవాలి. మాస్టోడాన్ అలా కాదు. 2016లో యూజెన్ రోచ్కో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా తమ సర్వరులో పెట్టుకోవచ్చు. సర్వర్లన్నీ యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతిలో మాట్లాడుకుంటాయి. ఆ పద్ధతిని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2018 జనవరిలో ఆమోదించింది. అంటే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు ఒకరు, సర్వరు నడిపేవాళ్ళు ఇంకొకరు, ఫోన్లో యాప్ చేసినవాళ్ళు మూడోవారు. మన గోదావరి నీళ్ళు చూడండి: వదిలేది ధవళేశ్వరంలో, కానీ మీ చేనికి చేరేది మధ్యలో లాకులు ఎత్తేవాళ్ళని బట్టి. మాస్టోడాన్ కొత్త వెర్షన్ కూడా అలాగే ఒక సర్వరుకి ఇవాళ, ఇంకో సర్వరుకి నెల తర్వాత చేరుతుంది. కాలువలు కట్టేసే తేదీనైనా ఇరిగేషన్ వాళ్ళు ముందు చెబుతారు. ఇక్కడ చాలా సర్వర్లలో ఆ పాటి కబురు కూడా ఉండదు.

కనుక్కోవడం కష్టం కాదు. అదే ఖాతాని ఫోన్ యాప్‌లోనూ, బ్రౌజర్‌లోనూ తెరవండి. బ్రౌజర్‌లో పాతగానే ఉండి ఫోన్లో మారితే మారింది యాప్. పనికి వాడే యాప్‌కి ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆపేసి, మీకు తీరికున్న రోజున మీరే చేసుకోండి. కాకపోతే మరీ నెలల తరబడి వదిలేయకండి, భద్రతా లోపాల సవరణలు కూడా ఆ అప్‌డేట్లలోనే వస్తాయి. బ్రౌజర్‌లోనూ మారితే మారింది సర్వరు. వెబ్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వెర్షన్ నంబరు ఉంటుంది. దాన్ని ప్రతి సోమవారం ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. నంబరు మారిన వారం ఏం మారిందో ఆ వెర్షన్ విడుదల పత్రంలో చదవండి. సర్వరు నడిపేవారి ఖాతాని అనుసరించడం కూడా మంచిది, కొందరైనా ముందు చెబుతారు.

బ్లూస్కై సంగతి వేరు. దాని అడుగున ఉన్న పద్ధతి అందరికీ తెరిచే ఉన్నా ఎక్కువమంది వాడేది ఆ కంపెనీ సొంత యాప్. అది మారితే అందరికీ ఇంచుమించు ఒకేసారి మారుతుంది. ఆహ్వానం లేకుండా ఎవరైనా చేరే వీలు 2024 ఫిబ్రవరిలో వచ్చింది కాబట్టి అది ఇంకా కొత్త ఇల్లే, గోడలు కదులుతూనే ఉంటాయి.

మాస్టోడాన్‌లో పోస్టు చేసే బటన్ మీద చాలాకాలం ‘టూట్’ అని ఉండేది. 2022 నవంబరులో వచ్చిన 4.0 వెర్షన్‌తో అది ‘పబ్లిష్’ అయింది. ‘టూట్ నొక్కండి’ అని కొత్తవాళ్ళకి కాగితాలు రాసిచ్చినవాళ్ళ కాగితాలు ఒక్క రోజులో పాతబడ్డాయి. మీరు పని క్రమం రాసుకునేటప్పుడు బటన్ పేరు, రంగు, మూల రాయకండి. ‘చిత్రానికి వివరణ చేర్చాను, ఎవరికి కనపడాలో చూశాను, అక్షరాలు పరిమితిలో ఉన్నాయి’ అని పని రాసుకోండి. మాస్టోడాన్‌లో మామూలుగా 500 అక్షరాలు, బ్లూస్కైలో 300. ఒకే పాఠాన్ని రెంటికీ అతికించేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు.

రూపు మారడం కంటే ప్రమాదకరమైన మార్పు ఇంకోటుంది. 2024 అక్టోబరులో వచ్చిన 4.3 వెర్షన్ నోటిఫికేషన్లని జట్లుగా కట్టడంతో ఆగలేదు, వడపోత కూడా తెచ్చింది. మీ ఖాతా అనుసరించనివాళ్ళు పంపే ప్రైవేటు సందేశాలు మామూలు వరసలోకి రాకుండా విడిగా ఒక జాబితాలో కూర్చోవచ్చు. చిల్లర గోల తగ్గాలనుకునేవారికి అది మంచిదే. కొనుగోలుదారుల ప్రశ్నలకి జవాబిచ్చే ఉద్యోగికి మాత్రం అది నష్టం. కొత్త కొనుగోలుదారుడిని మీ సంస్థ ఖాతా ఎందుకు అనుసరిస్తుంది? అతని ఫిర్యాదు ఆ జాబితాలోనే మగ్గుతుంది. నోటిఫికేషన్ల పేజీలోని సెట్టింగుల్లో ఎవరి సందేశాలు వడపోతకి వెళ్తున్నాయో చూసి, మీ పనికి తగ్గట్టు మార్చుకోండి. మార్చే అధికారం మీకు లేకపోతే ఆ జాబితాని రోజుకోసారైనా తెరవండి. నా లెక్కలో ఈ వ్యాసం మొత్తంలో జీతాన్ని నేరుగా కాపాడే సలహా ఇదే.

తెర అసలు నచ్చకపోతే వికేంద్రీకృత వేదికల్లో ఇంకో దారి ఉంది. మాస్టోడాన్ ఖాతాని ఎల్క్, ఫాన్పీ లాంటి వేరే వెబ్ రూపాల్లో గానీ, టస్కీ లాంటి యాప్‌లో గానీ తెరుచుకోవచ్చు. ఖాతా అదే, అనుచరులు వాళ్ళే. ఫేస్‌బుక్‌లో ఈ వీలు లేదు. సర్వరు మారిన రోజు కూడా వీటిలో తెర సాధారణంగా పాతగానే ఉంటుంది కాబట్టి రెండో దారిగా ఒకదాన్ని ముందే సిద్ధంగా పెట్టుకోండి. దానికి యజమాని అనుమతి మాటల్లో కాకుండా రాతలో తీసుకోండి, ఖాతా మీది కాదు. లాగిన్ అయ్యేటప్పుడు మీ సర్వరు పేజీ తెరుచుకుని అనుమతి అడగాలి. మాస్టోడాన్ కోసం చేసిన యాప్ తన తెరలోనే పాస్‌వర్డ్ అడిగితే దాన్ని వదిలేయండి.

ఇక డబ్బు మాట. తెర మారిన రోజు మీకు గంటో రెండు గంటలో పోతాయి. చాలామంది మనవాళ్ళు ఆ సమయాన్ని నోరెత్తకుండా మింగేస్తారు, మింగాక పోస్టు ఆలస్యమైతే మాట కూడా పడతారు. అలా చేయకండి. గమనించిన వెంటనే, యజమాని అడగకముందే, నాలుగు వాక్యాలు పంపండి: “ఈ రోజు మన సర్వరు కొత్త వెర్షన్‌కి మారింది. నోటిఫికేషన్ల పద్ధతి మారింది. పదింటి పోస్టు సమయానికే వేశాను. మిగతా సర్దుబాటుకి ఈ సాయంత్రం దాకా పడుతుంది.” ఆలస్యమయ్యాక చెప్పే కారణం సాకులా వినిపిస్తుంది. ముందే చెబితే అది మీ పనిలో భాగమవుతుంది. కొత్త ఒప్పందం రాసుకునేటప్పుడు వేదిక మార్పుల వల్ల పడే అదనపు సమయం నెలకి ఎంతవరకు మీరు భరిస్తారో, దాటితే గంటకి ఎంతో ఒక వాక్యంలో చేర్చండి. అడగడానికి మొహమాటపడేవాళ్ళు ఉన్నారు. మరమ్మతుకి వచ్చిన ఎలక్ట్రీషియన్ మన దగ్గర మొహమాటపడడు కదా!

పోస్టుల చిత్తు ప్రతులు మాత్రం వేదికలో కాకుండా మీ దగ్గర ఉండాలి. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగిపోయిన సంగతి ఇక్కడివాళ్ళకి గుర్తుచేయనక్కర్లేదు. వారం రోజుల పోస్టులు ఒక ఫైలులో ఉంటే, నెట్ లేని రోజున ఇంకో ఊళ్ళో ఉన్న సహోద్యోగి అయినా వేయగలడు. నెలకోసారి మాస్టోడాన్ నుంచి మీరు అనుసరిస్తున్నవారి జాబితా, నిరోధించినవారి జాబితా దించుకోండి. వేరే సర్వరుకి మారితే అనుచరులు వెంట వస్తారు కానీ పాత పోస్టులు రావు. కాబట్టి పోస్టుల ప్రతి కూడా అడిగి తీసుకోండి, అది ఏడు రోజులకోసారి దొరుకుతుంది. అనుచరులని వెంట తీసుకెళ్ళే వీలు విలువ ‘కూ’ అనే వేదిక వాడినవాళ్ళకి తెలుసు. బెంగళూరు నుంచి నడిచిన ఆ వేదికలో తెలుగు బాగానే వినిపించింది. 2024 జూలైలో మూతపడుతున్నట్టు ప్రకటించేసరికి, అక్కడ పోగేసుకున్న అనుచరులని ఇంకో చోటికి తీసుకెళ్ళే దారి లేకపోయింది.

తెర మారిందని సర్వరు నడిపేవారి మీద విరుచుకుపడకండి. వాళ్ళలో చాలామంది విరాళాలతో, సొంత సమయంతో నడిపేవాళ్ళు. అలాగని చెప్పకుండా మార్చడం ఒప్పయిపోదు. పత్రాల్లో ప్రోగ్రామర్లకి వివరంగా చెప్పి, వాడేవాళ్ళకి ఒక్క ముక్క చెప్పకపోవడం ఆ లోకానికి పట్టిన పాత జబ్బు. అడగాల్సింది సూటిగా అడగండి: ఏ వెర్షన్, ఏ పరికరం, ముందు ఏం జరిగేది, ఇప్పుడు ఏం జరుగుతోంది, తెర చిత్రం. ‘కొత్తది బాగోలేదు’ అన్న మాటకి ఎవరూ జవాబివ్వలేరు.

మాస్టోడాన్‌ని తెలుగు తెరతో వాడేవాళ్ళకి ఇంకో గమనిక. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా కొత్త మాటలు ఎవరో అనువదించేదాకా తెలుగు మధ్యలో ఇంగ్లీషులోనే కనిపిస్తాయి. ఆ అనువాదం క్రౌడిన్ అనే చోట స్వచ్ఛందంగా జరుగుతుంది. చేరడానికి డబ్బు కట్టనక్కర్లేదు, ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. రోజూ ఆ తెర మీదే పనిచేసే మీకంటే ఆ మాటలు బాగా తెలిసినవారు లేరు. వారానికి పది మాటలు అనువదించి పెట్టండి.