అరచేతిలో పూజ

పోయినేడాది ఉద్యోగం పోయినప్పుడు ఇంట్లో దీపం పెట్టడం కూడా మానేశాను. ముందు ఆఫర్ లెటర్ రానీ, తర్వాత చూద్దాం అనుకున్నా.

అప్పుడే వియత్నాం కేథలిక్ బిషప్ వాన్ థువాన్ గురించి చదివాను. 1975 ఆగస్టు 15న కమ్యూనిస్టు ప్రభుత్వం ఆయన్ని అరెస్టు చేసింది. విచారణ లేకుండానే 13 ఏళ్ల నిర్బంధం, అందులో 9 ఏళ్లు ఒంటరి గదిలో.

కేథలిక్కులకి రొట్టె, ద్రాక్షారసంతో చేసే దివ్యపూజ ప్రాణంతో సమానం. మరి జైల్లో ఎలా? కడుపునొప్పికి మందు పంపమని బయటికి ఉత్తరం రాశారు. అందులోని అర్థం వాళ్లకి తెలిసిపోయింది! మందు అని రాసిన సీసాలో ద్రాక్షారసం వచ్చింది. రోజూ అరచేతిలో మూడు చుక్కల ద్రాక్షారసం, ఒక చుక్క నీళ్లు పోసుకుని పూజ చేసేవారు. నా జీవితంలో అంత అందమైన పూజలు అవేనని తర్వాత చెప్పారు.

అలాగని ఎప్పుడూ నవ్వుతూ ఉన్నారనుకోకండి. తన ప్రజలకి దూరమయ్యానని, చేయాల్సిన పనులన్నీ ఆగిపోయాయని మొదట్లో విలవిల్లాడిపోయారు. ఒక రాత్రి ఆయనకి తట్టింది: ఆగిపోయినవి దేవుడి పనులే, దేవుడు కాదు.

అక్కడే నేను చాలాసేపు ఆగిపోయాను. మర్నాడు కూడా మెయిల్ ఏం రాలేదు. దీపం మాత్రం పెట్టాను.