హత్యాకథలు – హేబెలు రక్తము

పాఠభాగము: ఆదికాండము 4:1-16, 2 సమూయేలు 13:20-39, యోహాను 7:45-52

బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి తెలుగు పనివారు ఖరగ్‌పూర్‌నకు వచ్చి స్థిరపడిరి. వారి సంతతివారు నేడు వీధిలో బెంగాలీయు, పనిలో హిందీయు, ఇంటిలో తెలుగును మాటలాడుచున్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము తెలుగునకు అధికార భాషా స్థానము నిచ్చెను. అయినను బడిలో తెలుగు చదువని బిడ్డకు ఆ భాష వినబడు ముఖ్యమైన తావులు రెండు: కుటుంబ ప్రార్థన, టెలివిజన్. కావున సాయంకాలము రైల్వే క్వార్టరులో తెరమీద నడుచు కథ చిన్న సంగతి కాదు.

నిజముగా జరిగిన కుటుంబ హత్యలను ఆధారము చేసికొనిన నాటకములకు నేడు ఆదరణ మెండు. "బైబిలులో మాత్రము హత్యలు లేవా?" అని కొందరడుగుదురు. ఉన్నవి. అయితే అవి చెప్పబడిన విధమును గమనింపవలెను.

1. లేఖనము చెప్పు విధము

కయీను చేసిన హత్య ఒక్క వచనములో ముగిసినది (4:8). ఆయుధమేదియో చెప్పబడలేదు. దానికి ముందు అతని కోపమును, చిన్నబోయిన ముఖమును, దేవుని హెచ్చరికయు వివరింపబడినవి. తరువాత దేవుని ప్రశ్న, నేలనుండి మొఱపెట్టు రక్తము, శిక్ష, హంతకునికి సహితము కాపుదలయైన గురుతు కనబడుచున్నవి. అబ్షాలోము రెండు సంవత్సరములు పగను మనస్సులో దాచుకొనెను. దావీదు కోపపడెనే గాని అమ్నోనును శిక్షించినట్లు వ్రాయబడలేదు. న్యాయము జరుగని ఇంటిలో పగ పెరిగెను. నాటకములు తరచుగా ఇందుకు విరోధముగా నడుచును. పన్నాగమును, విషమును, కత్తిని అవి నిదానముగా చూపును. హెచ్చరికను, దుఃఖమును త్వరగా దాటిపోవును.

2. తీర్పునకు ముందు తీర్పు

కేరళలోని కూడత్తాయి గ్రామమున ఒకే బంధువర్గములో 2002, 2016 సంవత్సరముల మధ్య సంభవించిన ఆరు మరణములను గూర్చి 2019 అక్టోబరులో అరెస్టులు జరిగెను. 2020 జనవరిలోనే, సాక్షుల విచారణకు ముందే, మలయాళ టెలివిజన్‌లో ధారావాహిక మొదలాయెను. హైకోర్టు దానిని తాత్కాలికముగా నిలిపివేసెను. ఒకని మాట వినకముందే అతనికి తీర్పు తీర్చుట ధర్మశాస్త్ర పద్ధతియా అని నీకొదేము పరిసయ్యుల నడిగెను. జీవించియున్నవారి నోట కల్పిత వాక్యములు పెట్టుట తొమ్మిదవ ఆజ్ఞకు మిక్కిలి సమీపమున నున్న అపాయము.

3. మిగిలియున్నవారి దుఃఖము

2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఒక దళిత క్రైస్తవ యువకుడు, ఆసుపత్రి వెలుపల, గర్భవతియైన తన భార్య యెదుటనే చంపబడెను. కులాంతర వివాహమును సహింపని మామ కిరాయి హంతకులను నియోగించెనని కేసు. 2020లో రామ్ గోపాల్ వర్మ ఈ సంఘటనపై 'మర్డర్' అను చిత్రమును ప్రకటింపగా బాధిత కుటుంబము న్యాయస్థానము నాశ్రయించెను. అయినను ఆ సంవత్సరాంతమున చిత్రము విడుదలయ్యెను. న్యాయస్థానపు తీర్పు 2025 మార్చిలో గాని రాలేదు: ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు. న్యాయము కొరకు కుటుంబము ఆరేండ్లకు పైగా కనిపెట్టవలసి వచ్చెను. కథ మాత్రము రెండేండ్లకే అమ్మకమునకు వచ్చెను. హేబెలు రక్తము దేవునికి మొఱపెట్టినది. అది వినోదము కొరకైన స్వరము కాదు.

4. విశ్వాసి గృహము

తెరను ఆపివేసినంత మాత్రమున పని ముగియదు. హత్యకు వేరు కోపములోను, ఆస్తి తగవులోను, కట్నపు ఆశలోను, కులగర్వములోను ఉన్నది. ఇవి క్రైస్తవ గృహములకు తెలియనివి కావు. మత్తయి 5:21-24లో ప్రభువు నరహత్యను గూర్చి బోధించుచు కోపమువద్దనే ఆగి, బలిపీఠము నొద్దనుండి లేచిపోయి సహోదరునితో సమాధానపడుమని ఆజ్ఞాపించెను. బిడ్డ చూచిన కథను గూర్చి తలిదండ్రులు అతనితో మాటలాడవలెను: ఈ కోపము ఎక్కడ మొదలాయెను? దానిని ఎవరు ఆపియుండవచ్చును? చనిపోయినవాని తల్లి నేడు ఎట్లున్నది? ఇట్లడుగబడిన బిడ్డ హంతకుని తెలివిని గాక హేబెలును జ్ఞాపకముంచుకొనును.

ఆలోచించుడి

1. హత్యకు ముందు కయీనునకు దేవుడిచ్చిన అవకాశమేమి?
2. దావీదు మౌనమువలన అతని గృహమునకు కలిగిన నష్టమేమి?
3. మీ బంధువులలో రెండేండ్లకు మించి మాటలులేని వారున్నారా? ఈ వారము వారియొద్దకు ఎవరు వెళ్ళవలెను?

ప్రార్థనాంశము: హత్యవలన ఆప్తులను కోల్పోయిన కుటుంబముల కొరకును, న్యాయాధిపతుల కొరకును ప్రార్థించుడి.