మూర్తిమత్వ రుగ్మత తీవ్రత – స్వీయ నివేదన ప్రశ్నావళులు

జ్వరం ఎంత ఉన్నదో తెలుసుకొనడానికి రోగి అభిప్రాయంతో పని లేదు, ఉష్ణమాపకం చెబుతుంది. మూర్తిమత్వ రుగ్మతకు అట్టి పరికరం లేదు. ఆ వ్యక్తినే అడగవలసి ఉన్నది. తనను గూర్చి తానే సమాధానాలు గుర్తించే స్వీయ నివేదన ప్రశ్నావళి ఇందుకు ఒక సాధనం. ఈ ప్రశ్నావళులు వేటిని అడుగుతున్నవి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చును అన్నదే మేము ఇక్కడ పరిశీలించదలచిన విషయం.

చిరకాలంగా ఈ రుగ్మతలను రకాలుగా విభజించడం పరిపాటి. కాని ఒకే వ్యక్తిలో రెండు మూడు రకాల లక్షణాలు కలిసి కనబడడం వల్ల ‘ఏ రకం?’ అన్న ప్రశ్న కంటె ‘ఎంత తీవ్రం?’ అన్న ప్రశ్నకు ప్రాధాన్యం పెరిగింది. అమెరికా మనోవైద్య సంఘం 2013లో ప్రకటించిన ప్రత్యామ్నాయ నమూనా తీవ్రతను నాలుగు అంశాలలో చూస్తుంది: స్వీయ గుర్తింపు, స్వీయ నిర్దేశం, సహానుభూతి, ఆత్మీయత. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి పదకొండవ వర్గీకరణ 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. అందులో అల్పం, మధ్యమం, తీవ్రం అనే స్థాయిలు ఉన్నవి.

ఇక ప్రశ్నావళులను పోల్చి చూద్దాం. లెస్లీ మోరీ 2017లో వెలువరించిన దానిలో 80 వాక్యాలున్నవి. పైన చెప్పిన నాలుగు అంశాలనూ అది విపులంగా స్పృశిస్తుంది. కాని అలసిన రోగికి అది భారం. నెదర్లాండ్స్ పరిశోధకులు 2016లో రూపొందించిన సంక్షిప్త ప్రశ్నావళిలో 12 వాక్యాలే ఉన్నవి. ఆరు తనను గూర్చి, ఆరు ఇతరులతో సంబంధాలను గూర్చి. 2018లో వెలువడిన మరొక మాపనిలో 9 అంశాలు, ఒక్కొక్కదానికి 0 నుండి 3 వరకు మార్కులు, మొత్తం 27. అయితే కోపం, ఆందోళన, తొందరపాటు వంటి స్వభావ లక్షణాలను అడిగినంతగా అది స్వీయ గుర్తింపును అడగదు. బో బాక్, ఆయన సహచరులు 2021లో ప్రకటించిన 14 అంశాల మాపని మార్గం వేరు. అందులో పది అంశాలకు మధ్యనున్న సమాధానమే ఆరోగ్యకరం. ఇరువైపుల చివరలూ దోషమే. తనను తాను అత్యల్పునిగా భావించడమే కాదు, అత్యధికునిగా భావించడం కూడా రుగ్మతా లక్షణమే కదా!

ఈ పోలిక వల్ల తేలేది ఏమనగా, అన్నీ ‘తీవ్రత’ అన్న పేరే పెట్టుకొన్నా అన్నీ ఒకే వస్తువును కొలవడం లేదు. ఒకదానిలో వచ్చిన మార్కులను వేరొకదాని మార్కులతో నేరుగా సరిచూడరాదు.

అంతకంటె లోతైన చిక్కు మరొకటి ఉన్నది. తనను తాను యథార్థంగా చూచుకొనలేకపోవడం ఈ రుగ్మతలో ఒక భాగం. అద్దం మీదనే మసక ఉన్నప్పుడు ప్రతిబింబాన్ని పూర్తిగా నమ్మగలమా? అట్లని ప్రశ్నావళి వ్యర్థం కాదు. లోపలి శూన్యాన్ని, బాధను చెప్పగలవాడు అనుభవించేవాడే. అందుచేత స్వీయ నివేదన సాక్ష్యమే గాని తీర్పు కాదు. అనుభవజ్ఞుడైన వైద్యుని ముఖాముఖి, ఆప్తుల మాట, జీవిత చరిత్ర దానికి తోడు కావలెను.

భాషాధ్యాపకులుగా మేము చెప్పదగినది ఒకటి ఉన్నది. ‘ఇతరుల సలహా లేనిదే నిర్ణయం తీసుకొనలేను’ వంటి వాక్యాన్ని తెలుగులోకో, ఉర్దూలోకో మార్చామనుకొందాం. పెద్దలను అడిగి నడుచుకొనడం మర్యాదగా భావించే ఇంటి విద్యార్థి దానికి ‘అవును’ అంటాడు. అది వినయమా, పరాధీనతా? పదాలను మార్చినంత మాత్రాన కొలత మారిపోదని అనుకొనరాదు. అనువాదాన్ని ఇక్కడి ప్రజలలో పరీక్షించి, దాని విశ్వసనీయతను, సప్రమాణతను తిరిగి నిరూపించవలసి ఉన్నది.

విద్యార్థులకు మా మనవి ఒక్కటే. పుస్తకంలో కనబడిన ప్రశ్నలను తోటివారికి అంటగట్టి, ఎవరికీ రుగ్మత పేరు పెట్టకండి. మనసు బరువెక్కిన మిత్రుడు కనబడితే మార్కులు లెక్కించకండి. మాట వినండి, వైద్యుని వద్దకు తోడు వెళ్ళండి. సంఖ్య తీవ్రతను సూచిస్తుంది. మనిషిని గ్రహించవలసినది మనిషే.