తల్లి అన్నం బిడ్డ హక్కు

ఒక రాత్రి మదీనా ఈద్‌గాహ్ దగ్గర వర్తకుల బిడారు దిగింది. హజ్రత్ ఉమర్ (రజి), హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దానికి కాపలా ఉన్నారు. ఒక పసివాడు ఏడుస్తున్నాడు. ఉమర్ (రజి) వెళ్ళి తల్లికి చెప్పి వచ్చారు. మళ్ళీ ఏడుపు. చివరికి ఆమె విసుగుతో అసలు సంగతి చెప్పింది: పాలు మాన్పిస్తున్నాను, వీడు మానడం లేదు. ఎందుకంత తొందర అని అడిగితే, పాలు మానిన పిల్లలకే కదా ఉమర్ భత్యం ఇచ్చేది అంది. ఎదుట ఉన్నది ఎవరో ఆమెకు తెలియదు. ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఏడుపు వల్ల ఆయన ఖిరాఅత్ జనానికి సరిగా అర్థం కాలేదు. తర్వాత చాటింపు వేయించారు: తొందరపడి పాలు మాన్పించకండి, పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఉంటుంది. ఇబ్నె సఅద్ తబఖాత్‌లో ఈ ఉదంతం ఉంది.

దీన్ని మేము ప్రసంగాలలో ఖలీఫా దైవభీతికి ఉదాహరణగా చెబుతాము. అందులోని ఆకలిని మాత్రం దాటేస్తాము.

రెండు సంవత్సరాలు పాలివ్వడం గురించి చెప్పిన బఖరా సూరా 233వ ఆయతే, ఆ తల్లి తిండీ బట్టా బిడ్డ తండ్రి బాధ్యత అని కూడా చెబుతోంది. విడాకులు పొందిన గర్భిణికి సైతం ప్రసవం వరకు ఖర్చు ఇవ్వాలని తలాఖ్ సూరా 6వ ఆయతు ఆదేశం. మరి కాపురం చేస్తున్న భార్య సంగతేమిటి? మన ఇళ్ళలో దస్తర్‌ఖాన్ మీద ముందు మగవారు, తర్వాత పిల్లలు, చివరికి కోడలు. అప్పటికి గిన్నెలో మిగిలేది అడుగున ఉన్న పులుసే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతానికి, తెలంగాణలో 57.6 శాతానికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. రెండు రాష్ట్రాలలోనూ ఐదేళ్ళలోపు పిల్లల్లో ముగ్గురిలో దాదాపు ఒకరు వయసుకు తగ్గ ఎత్తు లేరు. దీనికి పేదరికం ఒక్కటే కారణమంటే మేము ఒప్పుకోము.

రమజాన్‌లో మరొకటి చూస్తాము. నీరసంతో తూలుతున్న గర్భిణి, అత్తగారు ఏమంటారోనని ఉపవాసం ఉంటుంది. గర్భిణికీ పాలిచ్చే తల్లికీ అల్లాహ్ సడలింపు ఇచ్చాడని హదీసులో ఉంది. తనకు గానీ బిడ్డకు గానీ హాని జరుగుతుందనే భయం తన అనుభవం వల్లనో వైద్యుడి మాట వల్లనో కలిగితే ఆమె ఉపవాసం మానవచ్చు. హనఫీ మస్లక్ ప్రకారం తర్వాత ఖజా చేస్తే చాలు, కఫ్ఫారా లేదు.

అంగన్‌వాడీ గుడ్డు, పాలు తెచ్చుకోవడం నామోషీ అనుకునేవారూ ఉన్నారు. అది ఆమె హక్కు.

జకాత్ ఇచ్చేవారికి ఒక మస్అలా. అర్హురాలైన గర్భిణిని ఇంటికి పిలిచి, కూర్చోబెట్టి భోజనం పెడితే పుణ్యమే గానీ, హనఫీ ఫుఖహాల ప్రకారం జకాత్ చెల్లదు. పప్పు, గుడ్లు, పాలు ఆమె చేతికిచ్చి ఆమె సొంతం చేస్తే చెల్లుతుంది.